స్కూల్ కౌన్సెలర్ శిక్షణ – 4వ పాఠం: ప్రాక్టికమ్ గంటలు, మొదటి రికార్డింగు

ఇంతవరకు తోటి విద్యార్థుల మీద సాధన చేశారు. ఇక ఎదురుగా కూర్చునేది నిజమైన బడిపిల్లలు.

అమెరికాలో కేక్రెప్ (కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న మాస్టర్స్‌లో ప్రాక్టికమ్, అంటే పర్యవేక్షణ కింద బడిలో చేసే మొదటి సాధన, కనీసం 100 గంటలు. అందులో 40 గంటలు పిల్లలతో నేరుగా గడపాలి. దాని తర్వాత ఇంటర్న్‌షిప్ 600 గంటలు, నేరుగా చేసేవి 240. వంద ఎలాగోలా నిండుతుంది, చిక్కంతా ఆ నలభైతోనే. సైట్ (మీరు సాధన చేసే బడి) కౌన్సెలర్ సెషన్‌ను పక్కన కూర్చుని చూడటం, నోట్సు రాసుకోవడం, సూపర్‌విజన్‌కు (మీ పనిని పర్యవేక్షకులతో చర్చించే సమావేశానికి) హాజరవడం ఇవేవీ ఆ నలభైలోకి రావు. క్లాసులో చేసిన రోల్‌ప్లే కూడా రాదు. ఆరుగురు పిల్లల గ్రూపును 40 నిమిషాలు నడిపితే లాగ్‌లో (గంటల లెక్క పుస్తకంలో) 40 నిమిషాలే రాయాలి, ఆరుతో గుణించకూడదు.

సెమిస్టర్‌లో మీకు పది వారాలు దొరికాయనుకోండి. మొదటి రెండూ బడిని తెలుసుకోవడానికి, తల్లిదండ్రుల అనుమతి పత్రాలకే పోతాయి. మిగిలిన ఎనిమిదిలో వారానికి 5 గంటలు, అంటే అరగంట సెషన్లు 10. పిల్లలు రాని రోజులుంటాయి, పరీక్షల వారం ఒకటి ఉండనే ఉంటుంది. అందుకే వారానికి 12 పెట్టుకోండి. లాగ్ ఏ రోజుది ఆ రోజే రాయండి. నెలాఖరున గుర్తుచేసుకుని రాసిన లాగ్ సూపర్‌విజర్ సంతకం దగ్గర ఆగిపోతుంది.

రికార్డింగుకు తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి ఉన్నా, పిల్లవాణ్ని కూడా అడగాలి. వద్దంటే ఆపేయాలి. మొదటి సెషన్‌లో గోప్యత హద్దుల్ని వాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పండి: "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. మా టీచర్ ఈ రికార్డింగు వింటారు. నిన్నెవరైనా బాధపెడుతున్నా, నీకో ఇంకొకరికో దెబ్బ తగిలేలా ఉన్నా మాత్రం పెద్దవాళ్లకు చెప్పాలి." తర్వాత "ఏం అర్థమైంది?" అని వాడి చేతనే చెప్పించండి. తలూపాడంటే అర్థమైందని కాదు. పిల్లవాడు వేధింపు సంగతి బయటపెడితే విచారణకు దిగకండి. వెంటనే సైట్ సూపర్‌విజర్‌కు చెప్పి, రాష్ట్ర చట్టం ప్రకారం ఫిర్యాదు చేయండి.

రికార్డింగులోంచి ఐదు నిమిషాలు తీసుకుని అక్షరం పొల్లుపోకుండా రాయండి. మీ ప్రతి మాట పక్కన అదేమిటో గుర్తు పెట్టండి: తెరిచిన ప్రశ్న, అవును-కాదు ప్రశ్న, భావాన్ని తిరిగి చెప్పడం, సలహా. ఈ నమూనా చూడండి:

విద్యార్థి: లంచ్‌లో నా పక్కన ఎవరూ కూర్చోరు.
శిక్షణార్థి: ఎప్పట్నుంచి? టీచర్‌కు చెప్పావా? వేరే టేబుల్ దగ్గరికి వెళ్లి చూడొచ్చు కదా?

మూడూ ప్రశ్నల్లానే ఉన్నాయి, కానీ మూడోది ప్రశ్న వేషంలో ఉన్న సలహా. జవాబు చెప్పాల్సిన పిల్లవాడికి ఏది ముందు చెప్పాలో తెలియక "తెలీదు" అంటాడు. శిక్షణార్థి దాన్ని మొండితనమని రాసుకుంటాడు! "అంతమంది మధ్యలో ఒంటరిగా అనిపిస్తోంది" అని ఒక్క మాట అని, ఐదు సెకన్లు ఆగి చూడండి. ఆ ఐదు సెకన్లు ఓర్చుకోవడమే అన్నిటికంటే కష్టం.

వచ్చే పాఠానికి అలాంటి ఐదు నిమిషాల ప్రతి ఒకటి సిద్ధం చేసుకోండి. పేర్లన్నీ కొట్టేయండి. ప్రశ్నలెన్ని, భావాన్ని తిరిగి చెప్పినవెన్ని అని అంచుల్లో లెక్క రాయండి. తిరిగి చెప్పినవాటికి ప్రశ్నలు రెట్టింపు ఉంటే, వాటిలో మూడింటిని భావవాక్యాలుగా మార్చి కింద రాయండి.