మణికట్టు మీద మూడు వేళ్లు: ఇంట్లోనే గుండె లయ చూసుకునే పద్ధతి

బీపీ మిషన్ మీద పల్స్ 72 అని పడగానే చాలామంది నిమ్మళపడతారు. కానీ అది సగటు లెక్క. దెబ్బలన్నీ సమాన దూరంలో పడ్డా 72 చూపిస్తుంది, కొన్ని గుంపుగా కొన్ని ఎడంగా పడ్డా 72 చూపిస్తుంది. పక్షవాతం తెచ్చే లయ జబ్బు ఆ రెండో రకంలోనే దాక్కుంటుంది. అందుకే మిషన్ కొనేముందు నాడి పట్టడం నేర్చుకోండి.

ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. చాయ్ తాగినా, బీడీ కాల్చినా, బరువు మోసినా అరగంట ఆగాలి. అరచేయి పైకి తిప్పి, బొటనవేలి మొదలు కింద మణికట్టు పల్లంలో చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లు ఆనించండి. బొటనవేలితో చూడొద్దు, దాని సొంత నాడే తగులుతుంది. గట్టిగా నొక్కితే రక్తం ఆగి నాడి మాయమవుతుంది. గడియారం చూస్తూ పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టండి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే, లయ తప్పినవాళ్లకు లెక్క కూడా తప్పుతుంది.

ఇక వేళ్ల కింద ఏం తగులుతుందో గమనించండి. టక్, టక్, టక్‌టక్, కొంచెం ఖాళీ, తర్వాత ఒక్కసారి ధక్. ఇది ఎక్టోపిక్, అంటే వేళకు ముందే పడ్డ దెబ్బ. గుండె గది నిండకముందే కొట్టింది కాబట్టి అది బలహీనంగా ఉంటుంది, ఒక్కోసారి మణికట్టు దాకా రాదు. తర్వాతి ఖాళీలో గది బాగా నిండుతుంది కనుక ఆ వెనక దెబ్బ ఛాతీలో ఎగిరినట్టు తగులుతుంది. గుండె ఆగి మళ్లీ మొదలైందని జనం భయపడేది ఇక్కడే. గుండె ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అప్పుడొకటి అప్పుడొకటి వస్తే మామూలుగా ప్రమాదం ఉండదు. నిద్ర లేకపోవడం, చాయ్ ఎక్కువవడం, దిగులు, రాత్రి తాగిన మద్యం, వీటివల్ల పెరుగుతాయి. మే ఎండల్లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో బస్తాలు మోసేవాళ్లకు చెమటతో నీళ్లూ లవణాలూ పోతాయి. విరేచనాలు తోడైతే పొటాషియం, మెగ్నీషియం కూడా తగ్గి లయ చెదురుతుంది. లీటరు నీళ్లకు ఒక ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ కలిపి కొంచెం కొంచెంగా తాగండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ను అడగకుండా ఓఆర్ఎస్, కొబ్బరినీళ్లు తాగొద్దు.

లయ తప్పే ఇంకో రకం ఉంది. రేకుల ఇంటి మీద తొలి వాన చినుకులు పడ్డట్టు ఉంటుంది, తర్వాతి దెబ్బ ఎప్పుడు పడుతుందో పోల్చుకోలేం. ఇది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కావచ్చు. పై గదులు ముడుచుకోక వణుకుతుంటాయి, రక్తం మూలన నిలిచి గడ్డకడుతుంది, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. ఆ ముప్పు మిగతావాళ్లకన్నా దాదాపు ఐదింతలు. ఏళ్లతరబడి బీపీ ఉన్నవాళ్లు, థైరాయిడ్ ఎక్కువైనవాళ్లు, చిన్నప్పటి కీళ్లవాత జ్వరంతో గుండె వాల్వు చెడినవాళ్లు, బాగా తాగేవాళ్లు నెలకోసారైనా నాడి చూసుకోవాలి. అంకె 80 ఉన్నా లయ ఇలా ఉంటే ఆ వారంలోనే ఈసీజీ తీయించండి.

మిషన్లు ఎక్కడ మోసం చేస్తాయో తెలిసి ఉండాలి. ఆక్సీమీటర్ వేలి దాకా వచ్చిన దెబ్బలనే లెక్కిస్తుంది. దెబ్బ విడిచి దెబ్బ బలహీనంగా ఉంటే గుండె 84 సార్లు కొట్టుకుంటున్నా తెర మీద 42 పడుతుంది. గోరుకు మైదాకు, రంగు ఉన్నా, వేళ్లు చల్లబడ్డా కూడా తప్పు చూపవచ్చు.

బీపీ చూసేటప్పుడు వీపు ఆనించి, కాళ్లు నేలకు పెట్టి, చేయి గుండె ఎత్తున బల్ల మీద ఉంచండి. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ లేకున్నా ఎక్కువ చూపిస్తుంది. నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి, లయ తప్పినవాళ్లు మూడుసార్లు చూసి సగటు తీయాలి. ఇంట్లో చూసినప్పుడు సగటు 135/85 దాటుతుంటే డాక్టర్‌కు చూపించండి. ఈసీజీ తీసే చేతి గడియారం ఉంటే మోచేతులు బల్ల మీద ఆనించి 30 సెకన్లు కదలకుండా ఉండండి, వచ్చిన ఈసీజీ గీతను ఫోన్‌లో దాచండి. అది గుండెపోటును పట్టలేదు, ఛాతీ నొప్పి ఉన్నప్పుడు దాన్ని నమ్మొద్దు.

'ఈసీజీ నార్మల్' అంటే ఆ పది సెకన్లు నార్మల్ అని అర్థం. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వరంగల్ ఎంజీఎం దవాఖాన చేరేసరికి దడ తగ్గిపోతుంది, కాగితం మీద ఏమీ దొరకదు. మీకు దగ్గర్లో ఈసీజీ తీసే దవాఖాన ఏదో ముందే కనుక్కొని దడ ఉండగానే వెళ్లండి. దడ రోజూ వచ్చిపోయేవాళ్లకు ఒకటి రెండు రోజులు ఒంటికి పెట్టి లయ నమోదు చేసే హోల్టర్ మిషన్ అవసరం కావచ్చు. నోటుపుస్తకంలో 'మాపున 7, నాడి 110, లయ తప్పింది, 20 నిమిషాలు, బాయి కాడి నుంచి వచ్చాక' అని ఒక్క వరుస రాసి తీసుకెళ్తే డాక్టర్‌కు సగం పని అయినట్టే.

కూర్చున్నప్పుడు మామూలు నాడి 60 నుంచి 100. ఒళ్లు వంచి పనిచేసేవాళ్లకు, నాడి నెమ్మది చేసే మెటోప్రొలాల్ మాత్ర వేసుకునేవాళ్లకు 50ల్లో ఉండొచ్చు, కండ్లు తిరగనంతవరకు పర్వాలేదు. కూర్చున్నా 40కి తగ్గినా, 120 దాటి నిలిచినా అదే రోజు చూపించాలి. దడతో పాటు సొమ్మసిల్లడం, ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నా, మూతి వంకరపోయినా, ఒక చేయి పడిపోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి, బండి మీద వెళ్లొద్దు. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలే. ఎప్పుడు మొదలైందో గడియారం చూసి రాసుకోండి.

రక్తం పల్చబడే మందు వాడేవాళ్లు దడ తగ్గిందని దాన్ని మానొద్దు. వార్ఫరిన్ అయితే ఆకుకూరలు మానక్కర్లేదు, వారం వారం ఒకే తీరున తినాలి, రక్తం ఎంత పల్చబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష తప్పొద్దు. నడుం నొప్పికి ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర నొప్పి ఇంజెక్షన్ వేయించుకునే ముందు ఈ మందు పేరు చెప్పండి. రెండూ కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. మందు పేరు, మోతాదు రాసిన చీటీ ఎప్పుడూ జేబులో ఉంచుకోండి.