వాన రోజు ఫౌంటెన్స్ అబ్బీకి వెళితే

ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ వెళ్లినరోజే వాన పట్టుకుంటే ఫౌంటెన్స్ అబ్బీ ప్లాన్ మానుకోకండి. చూసే వరస మార్చుకుంటే చాలు. 1132లో మొదలైన ఈ క్రైస్తవ మఠం 1539లో, ఎనిమిదో హెన్రీ హయాంలో మూతపడింది. పైకప్పుల మీది సీసం కూడా ఊడబీకి పట్టుకుపోయారు. అందుకే పెద్ద చర్చిలో నిలబడితే వాన నేరుగా నెత్తినే పడుతుంది.

కాబట్టి ముందు పడమటి వైపున్న సెల్లారియం అనే రాతి హాల్లోకి దూరండి. దాదాపు 90 మీటర్ల పొడవు. మధ్యలో ఒకే వరస స్తంభాలు, వాటినుంచి గొడుగు కమ్మీల్లా విచ్చుకునే రాతి కమానులు. ఇక్కడ కప్పు చెక్కుచెదరలేదు. ఒక వైపు మఠం సరుకులు దాచేవారు, ఇంకో వైపు కాయకష్టం చేసే మఠవాసులు, అంటే లే బ్రదర్స్, భోంచేసేవారు. నన్నడిగితే ఎండరోజు కంటే మబ్బు వెలుతురులోనే ఇది బాగుంటుంది. గబ్బిలాలుంటాయి, టెన్షన్ పడక్కర్లేదు. తర్వాత సన్యాసులు చలి కాచుకున్న గది చూడండి, అక్కడి పొయ్యిలు చాలా పెద్దవి. వాన తెరిపివ్వగానే చర్చి, టవర్.

గొడుగు కంటే టోపీ ఉన్న రెయిన్‌కోటే నయం. చెప్పులు వద్దు, తడి రాళ్లు జారతాయి. విజిటర్ సెంటర్ నుంచి దిగే దారి కూడా వాలే.

దగ్గరి ఊరు రిపన్. దానికి రైలు లేదు. లీడ్స్ నుంచి 36 నంబర్ బస్సులో అక్కడిదాకా వెళ్లి, ఆపైన ట్యాక్సీ చూసుకోవచ్చు. పెద్ద వానలకు పక్కనున్న స్కెల్ నది పొంగుతుంది. బయల్దేరేముందు ఈ మఠాన్ని చూసుకునే సంస్థ నేషనల్ ట్రస్ట్ వెబ్‌సైట్‌లో ఏయే దారులు మూశారో చూసుకోండి.