మిల్లీ ఓముల్ని నాలుగు తీగలతో కొలవడం ఎలా?

విజయవాడ ఆటోనగర్‌లో రోజూ జరిగే తంతే ఇది. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీ నుంచి కంప్రెసర్ మోటారు వస్తుంది. రివైండింగ్ (లోపలి రాగి తీగ చుట్లు, అంటే వైండింగు, మళ్లీ చుట్టడం) అయ్యాక రెసిస్టెన్స్, అంటే తీగ కరెంటుకిచ్చే అడ్డు ఎంతో చూడ్డానికి మామూలు మల్టీమీటరు ఆనిస్తారు, 0.4 ఓమ్ అంటుంది, మూడు ఫేజుల వైండింగులూ ఒకటేనని లారీ ఎక్కించేస్తారు. ఆ 0.4లో సగానికి పైగా మీటరు తీగలదే! ప్రోబులు రెండూ ఒకదానికొకటి ఆనించి చూడండి, తెలుస్తుంది.

ఆ అంకెను తీసేస్తే సరిపోతుంది కదా అంటారు. సరిపోదు. ప్రోబు మొన తాకేచోట రెసిస్టెన్స్ నొక్కిన ప్రతిసారీ మారుతుంది. మారేదాన్ని ఎంతని తీసేస్తారు?

అందుకే రెండు తీగలతో కరెంటు పంపి, వేరే రెండింటితో వోల్టేజి చదవాలి. మీటరు లోపల 10 మెగా ఓముల (కోటి ఓముల) రెసిస్టెన్స్ ఉంటుంది కాబట్టి వోల్టేజి తీగల్లో కరెంటు పారదనే అనుకోవచ్చు, వాటి రెసిస్టెన్స్ లెక్కలోకి రాదు. ఇదేదో కొత్త పోకడ అనేవాళ్లకి: చిన్న రెసిస్టెన్సులు కొలిచే తన బ్రిడ్జి సర్క్యూట్‌ని లార్డ్ కెల్విన్ కట్టింది 1861లో.

కరెంటు లిమిట్ ఉన్న డీసీ సప్లై, 200 మిల్లీవోల్టుల రేంజి ఉన్న మీటరు, రెండు కెల్విన్ క్లిప్పులు (ఒక దవడకి కరెంటు తీగ, రెండో దవడకి వోల్టేజి తీగ ఉండేవి) చాలు. క్లిప్పు రెండు దవడలూ లోపల స్ప్రింగు ద్వారా కలిసిపోలేదని కొట్లోనే చూసుకోండి. మోటారు సప్లై తీసేసి, డెల్టా లింకులు (మూడు వైండింగుల కొసల్ని కలిపే పట్టీలు) విప్పి, లగ్గుల్ని (తీగ కొసకి బిగించిన లోహపు చెవుల్ని) ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్దండి. కరెంటు 1 ఆంపియర్, అంతే. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే వచ్చేదే రెసిస్టెన్స్ కాబట్టి మిల్లీవోల్టులే మిల్లీ ఓములవుతాయి (మిల్లీ అంటే వెయ్యో వంతు), కాలిక్యులేటరు అక్కర్లేదు. 5 ఆంపియర్లు పంపేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను.

ఇక్కడ మాత్రం నిదానం. కరెంటు బయటివైపు, వోల్టేజి లోపలివైపు. టెర్మినల్ మీద వరసగా స్టడ్డు, నట్టు, వాషరు, లగ్గు ఉంటాయి, ఆ తర్వాతే వైండింగు తీగ. కరెంటు స్టడ్డు కొసన ఇచ్చి వోల్టేజి ప్రోబును అదే నట్టు నెత్తిన పెడితే, మీరు కొలిచేది వైండింగుతో పాటు నట్టు బిగుతును కూడా. వోల్టేజి దవడ లగ్గు మెడ మీద, తీగ దూరే చోట కూర్చోవాలి. రెండు దవడలూ స్టడ్డునో నట్టునో పట్టుకున్నాయా, మీటరు తీగల రెసిస్టెన్స్ పోయినా నట్టు జాయింటుది కొలతలోనే ఉండిపోతుంది. పైగా అంకె కదలకుండా నిలబడి నమ్మిస్తుంది.

పరీక్ష చాలా తేలిక. అంకె చూస్తూ కరెంటు దవడని వేలితో అటూ ఇటూ కదపండి. అంకె మారకూడదు. మారిందంటే వోల్టేజి ప్రోబు చోటు తప్పు, ఇంకాస్త లోపలికి జరపండి.

రెండు రకాల లోహాలు కలిసేచోట చేతి వేడి తగిలితే కొద్దిపాటి వోల్టేజి పుడుతుంది. అందుకే కరెంటు దిశ తిప్పి మళ్లీ చదవండి. ఒకవైపు 148.5, రెండోవైపు 148.3 వస్తే 148.4 మిల్లీ ఓములని రాసుకోండి. మూడు ఫేజుల్లో తేడా 2 శాతం దాటితే విప్పాల్సిందే.

రాగి రెసిస్టెన్స్ డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. మే నెలలో షెడ్డు 42 డిగ్రీలుంటే, 20 డిగ్రీల దగ్గర ఇచ్చిన కంపెనీ లెక్క కన్నా 8 శాతానికి పైగా ఎక్కువ చూపిస్తుంది. వైండింగు పాడైందనుకోకండి, పొద్దున్నే చల్లటి మోటారు మీద కొలవండి.

పెద్ద వైండింగులో అంకె కుదురుకోడానికి కాసేపు పడుతుంది, ఆగండి. అయిపోగానే క్లిప్పు లాగేయకండి. కరెంటు పారుతుండగా తెగితే వైండింగు ఎదురు తన్నుతుంది, మీటరుకీ దెబ్బ, చేతికీ దెబ్బ. ముందు సప్లైని మెల్లగా సున్నాకి దించి, తర్వాతే క్లిప్పు తీయండి.