ఓడ దిగాక సొంతంగా తిరగాలా, ఓడవాళ్ల టూరే కొనాలా?

సింగపూర్‌లో క్రూయిజ్ ఎక్కి పెనాంగ్, ఫుకెట్, పోర్ట్ క్లాంగ్ లాంటివి చుట్టేసి నాలుగైదు రోజుల్లో మళ్లీ సింగపూర్‌లోనే దిగే ట్రిప్పులకి ఇప్పుడు మనవాళ్లు బాగానే వెళ్తున్నారు. టికెట్ కొన్నారో లేదో మెయిళ్లు మొదలవుతాయి, ఈ పోర్టులో ఈ టూర్ ఉంది, ఆ పోర్టులో ఆ టూర్ ఉంది, సీట్లు అయిపోతున్నాయి అని. రేటు మనిషికింత అని రాస్తారు, అయిదుగురున్న ఇంట్లో అన్ని పోర్టులకీ కలిపి లెక్కేస్తే కళ్లు తిరుగుతాయి. అలాగని అన్నిచోట్లా మనమే తిరిగేద్దాం అనుకున్నా చిక్కే. ఏ పోర్టుకి ఆ పోర్టు విడిగా తేల్చుకోవాలి. అందుకు ముందు చూడాల్సింది ఒకటే, ఓడ ఆగే రేవు నుంచి మీరు చూడాలనుకున్న చోటుకి ఎంత దూరం?

బ్రోషర్‌లో పేరు చూసి మోసపోకండి. కౌలాలంపూర్ అని ఉంటుంది, ఓడ ఆగేది పోర్ట్ క్లాంగ్‌లో, ఊరికి 40 కిలోమీటర్ల పైనే. బ్యాంకాక్ అంటే లేమ్ చబాంగ్, రోడ్డు మీద 2 గంటలు. హో చి మిన్ సిటీ అంటే పెద్ద ఓడలు ఆగేది ఫూ మీలో, అక్కణ్ణుంచి కూడా దాదాపు అంతే ప్రయాణం. మచిలీపట్నంలో దింపి ఇదే విజయవాడ అన్నట్టు ఉంటుంది వ్యవహారం.

ఇలాంటి పోర్టుల్లో టైమ్‌ని వెనక నుంచి లెక్కేయాలి. ఉదాహరణకి పోర్ట్ క్లాంగ్‌లో ఓడ ఉదయం 8కి ఆగిందనుకోండి, క్యూలు దాటి బయటపడేసరికి 9. ఓడ కదిలేది 5కి అని రాసినా అందరూ లోపల ఉండాల్సిన టైమ్ 4 అంటారు, మనకి లెక్క ఆ 4దే. అందులోంచి ఒక గంట పక్కన పెట్టి 3కల్లా రేవులో ఉండాలనుకుంటాను నేను. ట్రాఫిక్‌తో పోను గంటన్నర, రాను గంటన్నర. చేతిలో మిగిలేది 3 గంటలు! అందులో పెట్రోనాస్ టవర్లూ కావాలి, బతు కేవ్స్‌లో 272 మెట్లెక్కి సుబ్రహ్మణ్యస్వామినీ చూడాలి, భోజనమూ చేయాలంటే రోజంతా పరుగే. ఏదో ఒకటి ఎంచుకోండి. రైలు చవక కదా అని కొందరు చెప్తారు, నిజమే, కానీ క్రూయిజ్ టెర్మినల్ ఉన్నది పులావ్ ఇందా దీవిలో, స్టేషన్‌కి చేరడానికే మళ్లీ కారు ఎక్కాలి, ఆపైన కౌలాలంపూర్ పెద్ద రైల్వే స్టేషన్ కెఎల్ సెంట్రల్‌కి గంటకి పైనే.

కాబట్టి పోర్ట్ క్లాంగ్, లేమ్ చబాంగ్, ఫూ మీ లాంటి చోట్ల, ముఖ్యంగా పెద్దవాళ్లో చంటిపిల్లలో ఉంటే, ఓడవాళ్ల టూర్ తీసుకోండి. నలభై మందితో బస్సు, మధ్యలో మనకి అక్కర్లేని షాపు దగ్గర అరగంట, జెండా పట్టుకున్న గైడ్ వెనక నడక, ఇవన్నీ చిరాకే, ఒప్పుకుంటాను. కానీ వాళ్ల బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఓడ ఆగుతుంది, ఆగకపోయినా మిమ్మల్ని తర్వాతి పోర్టుకి చేర్చే బాధ్యత వాళ్లు తీసుకుంటారు. మీ టాక్సీ ఇరుక్కుంటే ఓడ వెళ్లిపోతుంది, అంతే. మీరు కట్టే డబ్బులో సగం ఈ భరోసాకే అనుకోండి. లేమ్ చబాంగ్‌లో ఇంకో దారి ఉంది, బ్యాంకాక్ సంగతి వదిలేసి అరగంట దూరంలో ఉన్న పట్టాయాకి టాక్సీలో వెళ్లిరావడం.

ఇక పెనాంగ్. ఇక్కడ ఓడవాళ్ల సిటీ టూర్ కొంటే డబ్బు దండగ అని మొహమాటం లేకుండా చెప్తాను. స్వెటెన్‌హామ్ పియర్‌లో దిగి గేటు దాటితే జార్జ్‌టౌన్ పాత ఊరే, 2008లో యునెస్కో జాబితాలోకి ఎక్కిన ఊరు. గేటు దగ్గర టాక్సీవాళ్లు చుట్టుముడతారు, నవ్వుతూ తల అడ్డంగా ఊపి నడవండి. పది పదిహేను నిమిషాల్లో లిటిల్ ఇండియా వస్తుంది, మల్లెపూలు, అగరొత్తులు, తమిళ పాటలు, అరిటాకు భోజనం. క్వీన్ స్ట్రీట్‌లో 1833 నాటి మహామారియమ్మన్ కోవెల ఉంది. దగ్గర్లోనే కాపిటన్ కెలింగ్ మసీదు. కెలింగ్ అన్న మాట మన కళింగ నుంచే వెళ్లిందంటారు, ఒకప్పుడు అటు నుంచి ఓడలెక్కి వెళ్లిన వర్తకుల పేరు, ఇప్పుడు మలేషియాలో భారతీయుల్ని అలా పిలిస్తే తిట్టు కింద లెక్క. అక్కణ్ణుంచి ఆర్మీనియన్ స్ట్రీట్‌లో గోడబొమ్మలు, సముద్రం మీద కర్రలు పాతి కట్టిన చ్యూ జెట్టీ ఇళ్లు, అన్నీ నడక దూరమే. కాళ్లు నొప్పెడితే ఊళ్లో తిరిగే క్యాట్ బస్సు ఫ్రీ. పెనాంగ్ హిల్ కావాలంటే మాత్రం గ్రాబ్ (మన ఓలా, ఊబర్ లాంటి యాప్) కారు పెట్టుకుని పొద్దున్నే వెళ్లండి, సెలవు రోజుల్లో కొండెక్కే రైలుకి క్యూ భారీగా ఉంటుంది.

ఫుకెట్ ఈ రెంటికీ మధ్యరకం. చాలాసార్లు ఓడ పటాంగ్ బీచ్ ఎదురుగా సముద్రంలోనే ఆగుతుంది, చిన్న పడవల్లో ఒడ్డుకి తీసుకెళ్తారు. టూర్ కొన్నవాళ్లని ముందు దింపుతారు, మిగతావాళ్లు టోకెన్ పట్టుకుని కూర్చోవాలి. బీచ్, బజారు, ఫుకెట్ పాత ఊరు అయితే సొంతంగా చాలు. ఫీఫీ దీవులకి మాత్రం ఓడవాళ్ల టూరే మేలు, అది సముద్రం మీద పని, గాలి ఎప్పుడు మారుతుందో చెప్పలేం. మే నుంచి అక్టోబర్ దాకా అటువైపు అలలు ఎక్కువ, ఒక్కోసారి ఓడ ఆగకుండానే వెళ్లిపోతుంది. అప్పుడు ఓడవాళ్ల టూర్ డబ్బు వెనక్కి వస్తుంది, బయట బుక్ చేసుకున్నది రాకపోవచ్చు, రద్దు షరతులు ముందే చదువుకోండి.

ఫుకెట్‌లోనే మాకు గుండె ఆగినంత పనైంది. థాయ్‌లాండ్ టైమ్ సింగపూర్ కంటే గంట వెనక, మా ఓడేమో సింగపూర్ టైమే పాటించింది. ఒడ్డున సిగ్నల్ అందగానే ఫోన్లు వాటంతటవే థాయ్ టైమ్‌కి మారిపోయాయి, మేం గమనించలేదు. చివరి పడవ నాలుగున్నరకి. ఫోన్లో మూడూ పది, ఇంకా బోలెడు టైముందని మా ఆయన మామిడిపండు, కొబ్బరిపాలు పోసిన అన్నం ఇంకో ప్లేటు చెప్పారు. మా అత్తగారు చేతి గడియారం చూసుకుని, "అమ్మాయ్, నా దాంట్లో నాలుగూ పది అయిందే" అన్నారు. ప్లేటు అక్కడే వదిలేసి ఆవిడ మోకాళ్లతో సహా అందరం ఇసకలో పరుగు. ఇప్పుడు ఏ ట్రిప్పుకైనా ఓడ టైమ్ పెట్టిన మామూలు వాచీ ఒకటి తీసుకెళ్తున్నాం.

గ్రాబ్ యాప్‌లో మన నంబరుతో ఇండియాలో ఉండగానే రిజిస్టర్ అవండి, అక్కడికెళ్లి ఓటీపీ కోసం తిప్పలు పడొద్దు. ఆయా దేశాల్లో పనిచేసే ఈసిమ్ కూడా ఇక్కడే కొనుక్కోండి. సముద్రం మీద మాత్రం ఫోన్ ఫ్లైట్ మోడ్‌లోనే ఉంచాలి, ఓడలో టవర్ తగులుకుంటే బిల్లు వాచిపోతుంది. సింగపూర్‌లోకి మళ్లీ అడుగుపెడతాం కాబట్టి మీ వీసా రెండోసారి కూడా పనికొస్తుందో లేదో చూసుకోవాలి. ఎరైవల్ కార్డు తిరుగు రాకకి కూడా నింపాలి. మలేషియా, థాయ్‌లాండ్ వీసా నియమాలు తరచూ మారుతున్నాయి, బయల్దేరే వారం మరోసారి అధికారిక సైట్లో చూడండి.

పాస్‌పోర్టులు కొన్ని ఓడల్లో వాళ్లే ఉంచుకుంటారు, దిగే ముందు రిసెప్షన్‌లో అడిగి, కనీసం జిరాక్స్ కాపీ, ఓడ కార్డు జేబులో పెట్టుకోండి. రోజూ గదిలో పెట్టే కాగితంలో ఆ ఊరి పోర్ట్ ఏజెంట్, అంటే అక్కడ ఓడ కంపెనీ తరఫున పనులు చూసే మనిషి, ఫోన్ నంబరు ఉంటుంది, దిగేముందు దానికో ఫోటో తీసుకోండి. ఓడ తప్పిపోతే మొదట చేయాల్సిన ఫోన్ ఆ నంబరుకే.