కటిక చీకటి, పండు వెన్నెల: ఇంగ్లీషులో ‘వెరీ’ దాటి రాయడం ఎలా

తెలుగులో చీకటి ఎక్కువైతే కటిక చీకటి అంటాం, లేదా చిమ్మచీకటి అంటాం. వెన్నెల నిండుగా కాస్తే అది పండు వెన్నెల. అబద్ధం పచ్చిది, నిద్ర గాఢమైనది, మధ్యాహ్నం మిట్ట మధ్యాహ్నం, పగలు పట్టపగలు. ‘పండు చీకటి’ అని గాని, ‘కటిక వెన్నెల’ అని గాని తెలుగువారెవరూ అనరు. ఏ మాటకు ఏ మాట జోడీయో బడిలో ఎవరూ చెప్పకపోయినా, వినగా వినగా మన చెవికి తెలిసిపోయింది. ఇంగ్లీషులోనూ తీవ్రతను తెలిపే క్రియావిశేషణాలు చాలావరకు ఇలా జోడీలుగానే నడుస్తాయి. మనం మాత్రం ఆ భాషలోకి అడుగుపెట్టేటప్పుడు ‘చాలా’కు బదులుగా ‘వెరీ’ అనే ఒక్క మాటను వెంట తీసుకెళ్లి, అన్ని చోట్లా దానితోనే సరిపెట్టుకుంటాం.

పర్యాయపదాల జోలికి వెళ్లేముందు ‘వెరీ’కి, ‘టూ’కు ఉన్న తేడా తేల్చుకోవాలి. దీనికి తెలుగే మంచి కొలబద్ద. ‘కాఫీ చాలా వేడిగా ఉంది’ అంటే తాగగలం, అది ‘వెరీ హాట్’. ‘కాఫీ మరీ వేడిగా ఉంది’ అంటే నోట పెట్టలేం, అది ‘టూ హాట్’. అంటే తెలుగు వాక్యంలో ‘మరీ’ ఇమిడే చోట మాత్రమే ‘టూ’ రాయాలి. మన మాటల్లో ‘టూ గుడ్’ మెప్పుదలగా స్థిరపడింది, వినేవారికి అర్థమూ అవుతుంది. అయితే పరీక్షలోనో, విదేశీ సంస్థకు పంపే ఉత్తరంలోనో ‘ద ట్రైనింగ్ వాజ్ టూ యూజ్‌ఫుల్’ అని రాస్తే, ఉపయోగం మితిమీరడం వల్ల ఏ ఇబ్బంది వచ్చిందోనని చదివేవారు వెతుక్కుంటారు.

తర్వాత చూడవలసింది విశేషణపు స్వభావం. ‘టైర్డ్’, ‘కోల్డ్’, ‘యాంగ్రీ’ వంటి వాటిలో హెచ్చుతగ్గులుంటాయి. కొంచెం అలసిపోవచ్చు, బాగా అలసిపోవచ్చు. కాబట్టి వాటికి ‘వెరీ’, ‘ఎక్స్‌ట్రీమ్లీ’ నప్పుతాయి. ‘ఎగ్జాస్టెడ్’, ‘ఫ్రీజింగ్’, ‘ఫ్యూరియస్’ అన్నవి అప్పటికే కొసకు చేరిన మాటలు. ‘వెరీ’ అనే అర్థం వాటి కడుపులోనే ఉంది. వాటిని ఇంకా గట్టిగా చెప్పాలంటే ‘అబ్సల్యూట్లీ ఎగ్జాస్టెడ్’, ‘అబ్సల్యూట్లీ ఫ్యూరియస్’ అనాలి. అనుమానం వస్తే ఆ మాటకు ‘కొంచెం’ తగిలించి చూడండి. ‘కొంచెం అలసిపోయాను’ సహజంగా ఉంటుంది, ‘కొంచెం డస్సి సొమ్మసిల్లాను’ అతకదు. అతకని చోట ‘వెరీ’ కూడా సాధారణంగా అతకదు. ‘వెరీ టైర్డ్’ను ‘ఎగ్జాస్టెడ్’గా మార్చడం మంచి అలవాటే, మార్చాక పాత ‘వెరీ’ని దాని ముందు వదిలేయడమే తరచూ జరిగే పొరపాటు.

ఇక జోడీల సంగతి. అసలు పని ఇక్కడే ఉంది, కనుక ఎక్కువ సమయం దీనికే ఇవ్వాలని నా అభిప్రాయం. పర్యాయపదాల పట్టికలో ‘హైలీ’, ‘డీప్లీ’, ‘బిటర్లీ’, ‘స్ట్రాంగ్లీ’ పక్కపక్కనే కనిపిస్తాయి కాబట్టి ఒకదాని బదులు మరొకటి వాడవచ్చనిపిస్తుంది. వాక్యంలో మాత్రం ఒక్కొక్కటి తన చుట్టాలతోనే కూర్చుంటుంది. చదువు, నైపుణ్యం, అవకాశం గురించి చెప్పేటప్పుడు ‘హైలీ’ వస్తుంది: ‘హైలీ క్వాలిఫైడ్’, ‘హైలీ స్కిల్డ్’, ‘హైలీ లైక్లీ’. మనసు లోతుల్లోని భావాలకు ‘డీప్లీ’: ‘డీప్లీ గ్రేట్‌ఫుల్’, ‘డీప్లీ మూవ్డ్’. నిరాశకు, ఎముకలు కొరికే చలికి ‘బిటర్లీ’. సిఫారసు చేయడానికి, వ్యతిరేకించడానికి ‘స్ట్రాంగ్లీ’. జబ్బు ముదిరితే ‘సీరియస్లీ ఇల్’, వస్తువు బాగా పాడైతే ‘బ్యాడ్లీ డ్యామేజ్డ్’. మన కటిక చీకటిలాగా విడదీయరానంతగా అతుక్కుపోయినవీ ఉన్నాయి: చిమ్మచీకటి ‘పిచ్ డార్క్’, గాఢనిద్ర ‘ఫాస్ట్ అస్లీప్’, కునుకన్నది లేని మెలకువ ‘వైడ్ అవేక్’. ‘ఫాస్ట్’ అంటే వేగం కదా, నిద్రకు వేగమేమిటని అడిగితే, ఇక్కడ ఆ మాటకు పాత అర్థమైన ‘గట్టిగా, కదలకుండా’ అన్నదే నిలిచి ఉంది.

‘అట్టర్లీ’ని ప్రత్యేకంగా గమనించాలి. అర్థం ‘పూర్తిగా’ అనే అయినా, ‘అట్టర్లీ రిడిక్యులస్’, ‘అట్టర్లీ హోప్‌లెస్’ అన్నట్టు అది ఎక్కువగా చెడ్డమాటల వెంటే నడుస్తుంది. 1960ల నుంచి మనకు పరిచయమైన అమూల్ వెన్న ప్రకటనలోని ‘అట్టర్లీ బటర్లీ డెలీషియస్’ మంచి అర్థంలో వాడినదే. ప్రాస కోసం కావాలని పేర్చిన ఆ మాట ప్రకటనలో అందంగా ఉంది, కానీ ఉద్యోగ దరఖాస్తుకు దానిని నమూనాగా తీసుకోకూడదు.

తారతమ్యం చెప్పేటప్పుడు ‘వెరీ’ పనికిరాదు. ‘చాలా మెరుగు’ అనే తెలుగు అలవాటు కొద్దీ ‘వెరీ బెటర్’ అంటుంటాం, అక్కడ ‘మచ్ బెటర్’ లేదా ‘ఫార్ బెటర్’ అనాలి. ‘సో’ అన్నది మన ‘తెగ’ లాంటిది. ‘తెగ సంతోషించాను’ అని అధికారికి ఉత్తరం రాయనట్లే, ‘ఐ యామ్ సో హ్యాపీ’ని కూడా స్నేహితులకే ఉంచుకోవాలి. ‘క్వైట్’ విషయంలో మరికొంత జాగ్రత్త అవసరం. ‘క్వైట్ ఇంపాసిబుల్’ అంటే పూర్తిగా అసాధ్యమని అర్థం. బ్రిటిష్ వాడుకలో ‘క్వైట్ గుడ్’ అంటే మాత్రం చాలాసార్లు ‘ఫరవాలేదు’ అనేంతే, కాబట్టి లండన్‌లోని పై అధికారి ఆ మాట అన్నప్పుడు గొప్ప ప్రశంసగా తీసుకోకపోవడం మంచిది.

ఇప్పుడు ఒక దరఖాస్తును దగ్గరగా చూద్దాం. ఒక అభ్యర్థి ఇలా రాశాడనుకోండి: ‘ఐ యామ్ వెరీ వెరీ ఇంట్రెస్టెడ్ ఇన్ దిస్ జాబ్. ఐ హార్డ్లీ వర్క్డ్ ఇన్ మై లాస్ట్ కంపెనీ.’ తెలుగులో ‘చాలా చాలా’ అనడం ఆప్యాయంగా వినిపిస్తుంది, ఇంగ్లీషు ఉత్తరంలో ఆ జంట చిన్నపిల్లల మాటలా ఉంటుంది. రెండో వాక్యం దానికంటే ప్రమాదకరం. ‘హార్డ్’ అంటే కష్టపడి, ‘హార్డ్లీ’ అంటే దాదాపు లేనట్టే. ఎంతో కష్టపడ్డానని చెప్పబోయి, ఆ సంస్థలో దాదాపు పనే చేయలేదని తన చేతులతో తానే రాసిచ్చాడు. దిద్దితే ఇలా ఉంటుంది: ‘ఐ యామ్ కీన్లీ ఇంట్రెస్టెడ్ ఇన్ దిస్ పోస్ట్. ఐ వర్క్డ్ హార్డ్ ఇన్ మై లాస్ట్ జాబ్, అండ్ ఐ యామ్ ఫుల్లీ ప్రిపేర్డ్ టు ట్రావెల్.’ రెండు వాక్యాలకు రెండే తీవ్రతాపదాలు చాలాయి, అవి కూడా తమకు నప్పే మాటల పక్కనే ఉన్నాయి.

జోడీలను నేర్చుకోవడానికి ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. చదువుతున్నప్పుడు ‘బిటర్లీ’ కనిపిస్తే దానినొక్కదాన్నే రాసుకోకుండా, వెనక వచ్చిన ‘డిసప్పాయింటెడ్’ను కూడా కలిపి రాసుకోండి. వీలైన చోట తెలుగు జోడీనీ పక్కన చేర్చండి. ‘పిచ్ డార్క్’ ఎదురుగా ‘చిమ్మచీకటి’, ‘ఇన్ బ్రాడ్ డేలైట్’ ఎదురుగా ‘పట్టపగలు’ ఉంటే, తర్వాత రాయవలసి వచ్చినప్పుడు తెలుగు మాట తలపుకు రాగానే దాని ఇంగ్లీషు జత కూడా వెంట వస్తుంది.