కవా ఇజెన్ నీలి మంటలు చూడటం ఎలా?

బాలి దాకా వెళ్లినవాళ్లు ఒక్క జలసంధి దాటితే చాలు, జావా దీవి తూర్పు కొసన కవా ఇజెన్ అగ్నిపర్వతం ఉంది. రాత్రిపూట దాని బిలం అడుగున నీలి మంటలు లేస్తుంటాయి. అది లావా అనుకుని వెళ్లి నిరాశపడకండి. పగుళ్ల నుంచి తన్నుకొచ్చే వేడి గంధకపు ఆవిరి గాలి తగలగానే అంటుకుని అలా మండుతుంది. తెల్లవారితే ఆ నీలం కంటికి ఆనదు. అందుకే ఎక్కాల్సింది చీకట్లోనే.

ముందు రోజు

బాలి హోటల్లో రాత్రి కారెక్కి, కొండెక్కి, మర్నాటికి తిరిగొచ్చే ప్యాకేజీ తీసుకోవద్దు. గిలిమానుక్ రేవు దాకా గంటల తరబడి కారు, అక్కడి నుంచి జావా వైపు రేవు కెతపాంగ్‌కు ఫెర్రీ, ఆపైన నిద్ర లేకుండా రాళ్ల మీద దిగడం. కాళ్లు తడబడకుండా ఎలా ఉంటాయి? మధ్యాహ్నానికే కొండకు దగ్గర్లోని జావా ఊరు బన్యువాంగి చేరి, పెందలాడే పడుకోండి. జావా టైము బాలి కంటే గంట వెనక. డ్రైవరు చెప్పిన టైము ఎక్కడిదో అడిగి తెలుసుకోండి.

టికెట్ ఆన్‌లైన్లో ముందే తీసుకోవాలి. ఆరోగ్యం బాగుందని డాక్టరు ఇచ్చే కాగితం కూడా అడుగుతారు. సాధారణంగా నెలలో మొదటి శుక్రవారం కొండ మూసేస్తారు. ఇండోనేసియా ప్రభుత్వ మాగ్మా వెబ్‌సైట్‌లో హెచ్చరిక స్థాయి చూడండి. తక్కువ నుంచి ఎక్కువకు నార్మల్, వాస్పాద, సియాగ, అవాస్ అని నాలుగుంటాయి. మొదటిది దాటితే గేటు తెరిచారో లేదో కనుక్కుని గానీ కదలొద్దు.

సామాన్లు, ఎక్కడం

తలకు కట్టుకునే లైటు, పట్టున్న బూట్లు, చలికోటు, లీటరు నీళ్లు. ఇంతే. నడక మొదలయ్యే పల్టుడింగ్ గేటు దాదాపు 1,850 మీటర్ల ఎత్తున ఉంది, తెల్లవారుజామున 2 గంటలకు తెరుస్తారు. అక్కడి నుంచి బిలం అంచుకు 3 కిలోమీటర్లు. మొదటి రెండూ నిటారు, చివరిది దాదాపు చదును. గంటన్నర, రెండు గంటలు పడుతుంది.

బిలంలోకి దిగడం

పొరపాట్లన్నీ ఇక్కడే. కొన్ని రోజుల్లో అసలు దిగనివ్వరు. సిబ్బంది వద్దంటే బతిమాలొద్దు. దిగనిస్తే, అంచు దగ్గర పావుగంట ఆగి పొగ ఎటు పోతోందో చూడండి. పొగ దారి మీదికే వాలుతుంటే ఆ రోజుకు మంటలు లేవనుకోండి. ముందే పరిగెత్తి దిగినవాళ్లకు మంటల కంటే పొగే ఎక్కువ దక్కుతుంది.

మాస్కు సంగతి. గుడ్డ మాస్కు, ఆపరేషన్ మాస్కు, ఎన్95 ఏవీ పనికిరావు. అవి ధూళిని ఆపుతాయి, వాయువును కాదు. ఇక్కడున్నవి సల్ఫర్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్. ముక్కునూ నోటినీ మూసే రబ్బరు మాస్కుకు వాయువు ఫిల్టర్లుండాలి. ఐరోపా పద్ధతి ఫిల్టర్లయితే పసుపు, బూడిద రంగు పట్టీలు రెండూ ఉన్నాయేమో చూడండి: పసుపు మొదటి వాయువుకు, బూడిద రెండోదానికి. అద్దె మాస్కుల్లో ఫిల్టరు ఎన్నాళ్లదో ఎవరూ చెప్పలేరు, కాబట్టి సీలు విప్పని ఫిల్టర్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి. పెట్టుకున్నాక ఫిల్టర్లను అరచేతులతో మూసి గాలి పీల్చండి. మాస్కు మొహానికి అతుక్కోవాలి. గడ్డం ఉంటే అతుక్కోదు. ముందు రోజే గీయించుకోండి, ఇందులో బేరం లేదు. కాంటాక్ట్ లెన్సులు తీసేసి, కళ్లను పూర్తిగా మూసే గాగుల్స్ పెట్టుకోండి. వెండి వస్తువులు హోటల్లో వదిలేయండి, నల్లబడతాయి.

ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు, చిన్నపిల్లలు అంచు దాటి దిగకూడదు. మాస్కు ఎంత మంచిదైనా ఈ మాట మారదు.

దిగేటప్పుడు గాలి తిరిగి పొగ మీదికొస్తే పరిగెత్తొద్దు. పరిగెత్తితే ఊపిరి పెరుగుతుంది, పీల్చేదీ పెరుగుతుంది, అడుగు జారుతుంది. ఉన్నచోటే నిలబడి, పొగకు వీపు తిప్పి, కళ్లు మూసుకుని నెమ్మదిగా ఊపిరి తీయండి. తెర తొలగగానే పైకి నడవండి. కిందికి మాత్రం కాదు: బరువైన వాయువు పల్లంలో నిలుస్తుంది. మాస్కులోంచి ఘాటు తెలుస్తోందంటే ఫిల్టరు అయిపోయినట్టే, తిరిగి ఎక్కేయండి. 2018 మార్చిలో ఇక్కడ ఒక్కసారిగా వెలువడిన వాయువుకు చుట్టుపక్కల ఊళ్లవాళ్లే ఆసుపత్రి పాలయ్యారు.

గంధకం మోసేవాళ్లు ఇదే దారిలో భుజాన 70, 80 కిలోల బుట్టలతో ఎక్కుతుంటారు. వాళ్లు ఆగితే మళ్లీ ఎత్తుకోవడం నరకం. కొండ వైపు ఒదిగి దారివ్వండి. ఫొటో తీయాలంటే అడగండి.

తెల్లవారాక

వెలుతురు రాగానే మంటలు వెలవెలబోతాయి. అప్పుడు అంచుకు ఎక్కి వస్తే, సుమారు కిలోమీటరు వెడల్పున్న పాలనీలి సరస్సు బయటపడుతుంది. అందంగా ఉందని చేయి పెట్టొద్దు, అది బ్యాటరీ ఆమ్లమంత ఘాటు. ఫొటో కోసం అంచు కొసకు వెళ్లొద్దు, అక్కడి మట్టి గుల్ల.

దిగేదారిలో గంధకంతో పోసిన పూలు, తాబేళ్లు అమ్ముతారు. అవి త్వరగా అంటుకునేవి, విమానంలోకి రానివ్వరు. మోసేవాళ్లకు ఏదైనా ఇవ్వాలనుకుంటే బొమ్మ తీసుకోకుండా డబ్బే చేతికివ్వండి.