కౌంటీ ఆర్థికాన్ని చదవడం – 3వ పాఠం: ఉద్యోగాల పట్టికలో కనిపించని పొలాలు

ఇంగ్లండ్ పశ్చిమ అంచున, వేల్స్ సరిహద్దును ఆనుకుని ఉన్న హియర్‌ఫర్డ్‌షైర్‌నే ఈ పాఠంలోనూ తీసుకుందాం. ఆపిల్ తోటలు, సైడర్ (ఆపిల్ రసాన్ని పులియబెట్టి చేసే మద్యం), కోళ్లు, హాప్స్ (బీరులో వేసే పూలు), పాలిటన్నెళ్లలో (ప్లాస్టిక్ కప్పు పందిళ్లలో) స్ట్రాబెర్రీ ఆ కౌంటీకి పేరు తెచ్చిన పంటలూ సరుకులూ. ఏ రంగం మీద కౌంటీ ఎంతగా ఆధారపడిందో లొకేషన్ కోషెంట్‌తో కొలుస్తాం. కౌంటీ ఉద్యోగాల్లో ఆ రంగం వాటాను ఇంగ్లండ్‌లో అదే రంగం వాటాతో భాగించాలి. ఉదాహరణకు కౌంటీలో 5 శాతం, దేశంలో 1.25 శాతం అనుకుంటే జవాబు 4, అంటే ఆ రంగం వాటా కౌంటీలో దేశంలోకన్నా నాలుగు రెట్లు. ఇవి లెక్క చూపడానికి వేసుకున్న అంకెలే.

బ్రిటన్ అధికారిక ఉద్యోగ గణాంకాలుండే నోమిస్ వెబ్‌సైట్‌లో, సంస్థల్లోని ఉద్యోగాలను లెక్కించే బ్రెస్ సర్వే తెరవండి. ప్రాంతాల జాబితాలో పేరు ‘హియర్‌ఫర్డ్‌షైర్, కౌంటీ ఆఫ్’ అని ఉంటుంది. పరిశ్రమలను రెండంకెల విభాగాలుగా ఎంచుకోండి. ‘ఎంప్లాయీస్’ కాదు, ‘ఎంప్లాయ్‌మెంట్’ తీసుకోండి. మొదటిదాంట్లో జీతానికి పనిచేసేవాళ్లే ఉంటారు. తమ వ్యాపారంలో తామే పనిచేసే యజమానులు రెండోదాంట్లోనే కలుస్తారు, పల్లె కౌంటీల్లో వాళ్లు తక్కువేమీ కాదు.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. 01 విభాగం (వ్యవసాయం) ఎదురుగా ఏదో చిన్న అంకె కనిపిస్తుంది, దాన్నే వ్యవసాయం అనుకుంటారు. కౌంటీ స్థాయి బ్రెస్‌లో పొలాల మీది ఉద్యోగాలు అసలు లేవు. మిగిలినవి వ్యవసాయ సేవల వంటివే. కాబట్టి 01ని కౌంటీ మొత్తంలోంచీ ఇంగ్లండ్ మొత్తంలోంచీ తీసేసి, ఆ తర్వాతే వాటాలు కట్టండి. పొలాల మీది మనుషుల లెక్క వ్యవసాయ, పర్యావరణ శాఖ డెఫ్రా చేసే జూన్ సర్వేలో దొరుకుతుంది. దాన్ని పక్కన వేరే వరుసలో రాసుకోండి, బ్రెస్ అంకెకు కలపకండి: డెఫ్రాది జూన్ నాటిది, బ్రెస్‌ది సెప్టెంబరు నాటిది. ఆపిల్, హాప్స్ కోతలకు వచ్చే కూలీలు జూన్ లెక్కలో ఉండరు.

కూలీలను ఏజెన్సీ పంపితే వాళ్లు 78వ విభాగంలో, అంటే ఉద్యోగ సేవల్లో, పడతారు. కోళ్ల ప్లాంటులో పనిచేసినా సరే. ఆహార రంగం బలం అందుకే ఉన్నదానికన్నా తక్కువగా కనబడుతుంది. ఇంకో సంగతి: కోడిమాంసం, చిప్స్ 10వ విభాగంలోకి (ఆహార తయారీ) వస్తాయి, సైడర్ మాత్రం 11లోకి (పానీయాల తయారీ). 10 ఒక్కటే చూస్తే 1887లో మొదలైన సైడర్ కంపెనీ బల్మర్స్ మీ లెక్కలోంచి జారిపోతుంది!

అంకెలన్నీ గుండ్రం చేసినవే. అయిదు ఉద్యోగాలు పదిగా మారితే చిన్న రంగపు కోషెంట్ రెట్టింపవుతుంది, అలాంటి వరుసలను వదిలేయండి. 2009–2015 వరుసనూ 2015 తర్వాతి వరుసనూ అతికించకండి, రెండింటిలో లెక్కకు వచ్చే సంస్థల పరిధి వేరు. ఇంకా వెనక్కి వెళ్తే 1974 నుంచి 1998 దాకా ఈ కౌంటీ వూస్టర్‌షైర్‌తో కలిసి ఉండేది.

నిర్మాణ రంగం కోషెంట్ తగ్గితే, ఇళ్లకు గిరాకీ లేదని వెంటనే రాసేయకండి. కౌంటీలో పారే లగ్ నదిలో ఫాస్ఫేట్ పెరిగిపోవడంతో, కొత్త ఇళ్ల మురుగునీరు దాన్ని ఇంకా పెంచుతుందని, 2019 నుంచి కొన్నేళ్లపాటు ఆ పరీవాహకంలో కొత్త ఇళ్ల అనుమతులు చాలావరకు నిలిచిపోయాయి. నదిలోకి చేరే ఫాస్ఫేట్‌లో కోళ్ల ఎరువుదీ పెద్ద పాత్రే. 10వ విభాగాన్ని పెంచే కోళ్లే 41వ విభాగాన్ని, అంటే భవనాల నిర్మాణాన్ని, వెనక్కి లాగగలవు.

అభ్యాసం: పక్కనున్న ష్రాప్‌షైర్‌కు 10, 11, 41, 78 విభాగాల కోషెంట్లు కట్టి ఉంచుకోండి. 4వ పాఠంలో జీతాల పట్టికను వాటి పక్కన పెడతాం.